గుర్తు లేని ఓటు: ఒకటి ఎవరికి, రెండు ఎవరికి

ఎమ్మెల్యే ఎన్నికలో ఓటరుకు గుర్తు కనబడితే చాలు. సైకిలో, ఫ్యానో, చెయ్యో, కమలమో, గ్లాసో కళ్లకు తగులుతుంది. వేలు దానంతటదే అటు పోతుంది. గుర్తు వెనకాల నిలబడ్డ మనిషి ఎవరన్నది చాలామందికి తర్వాతి మాట. కానీ గుర్తు సాయానికి రాని ఎన్నికలు రెండు ఉన్నాయి. ఒకటి, ఒకే పార్టీలో ముగ్గురో నలుగురో టికెట్ కోసం పోటీపడితే, వాళ్లలో ఒకరిని ఓటర్లే ఎంచుకునేది. అమెరికాలో దీన్ని ప్రైమరీ అంటారు. అక్కడ అందరిదీ ఒకే పార్టీ కాబట్టి పార్టీని చూసి తేల్చుకునే వీలుండదు. రెండోది పాత నెల్లూరు జిల్లాలోని మన గూడూరులోనే ఉంది. డిగ్రీ చదివినవాళ్లు ఆరేళ్లకోసారి వేసే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు. ఆ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుంటుంది, ఫోటో ఉంటుంది. గుర్తు మాత్రం ఉండదు. ఈ రెండు చోట్లా ఓటరు మనిషిని తూచక తప్పదు.

మొదట ప్రైమరీ సంగతి. మన దగ్గర అభ్యర్థిని తేల్చేది బీ ఫారం. అధిష్ఠానం సంతకం చేసిన ఆ కాగితం ఎవరి చేతికొస్తే వాళ్లే పార్టీ అభ్యర్థి. నామినేషన్ చివరి రోజు మధ్యాహ్నం దాకా ఆ కాగితం కోసం పార్టీ ఆఫీసుల ముందు కాచుకున్న నాయకులను ప్రతి ఎన్నికల్లోనూ చూస్తూనే ఉంటాం. అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే తంతు. పార్టీ పెద్దలు ఒక గదిలో కూర్చుని పేరు తేల్చేవాళ్లు. 1903లో విస్కాన్సిన్ రాష్ట్రం అభ్యర్థిని ఓటర్లే ఎంచుకోవాలని చట్టం చేసింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అంటే అక్కడ ఓటరు రెండుసార్లు ఓటేస్తాడు. ముందు పార్టీలో ఎవరన్నది తేలుస్తాడు. తర్వాత పార్టీల మధ్య ఎవరన్నది తేలుస్తాడు.

దీనికి హైదరాబాద్‌తో బంధమున్న ఒక ఉదాహరణ ఉంది. గజాలా హాష్మీ 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, దాదాపు ముప్పై ఏళ్లు కాలేజీల్లో పాఠాలు చెప్పారు. 2019లో వర్జీనియా రాష్ట్ర సెనేట్‌కు పోటీచేశారు. రాష్ట్ర సెనేట్ అంటే మన శాసనమండలి లాంటి పై సభ. కాకపోతే అక్కడ పై సభకు కూడా జనమే నేరుగా ఓటేస్తారు. ఆ ఏడాది జూన్‌లో డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలో ఆమెతో పాటు మరో ఇద్దరు నిలబడ్డారు. ఆమె గెలిచారు. నవంబరులో అసలు ఎన్నికలో, అప్పటికే ఆ సీటులో ఉన్న రిపబ్లికన్ సెనేటర్‌ను ఓడించారు. అంతకుముందు ఎన్నికల అనుభవం లేని ఒక పంతులమ్మ అన్నమాట.

ఆ జూన్ నెలలో అక్కడి ఓటరు తనను తాను రెండు ప్రశ్నలు వేసుకుని ఉంటాడు. ఈ ముగ్గురిలో సెనేట్‌లో కూర్చుని పనిచేయగలిగింది ఎవరు? ఇది మొదటిది. ఈ ముగ్గురిలో నవంబరులో అవతలి పార్టీని ఓడించగలిగింది ఎవరు? ఇది రెండోది. రెండింటికీ ఒకే పేరు జవాబైతే చిక్కు లేదు. రెండు పేర్లు వచ్చినప్పుడే తంటా.

ఈ రెండో ప్రశ్న మన రాజకీయాల్లో బాగా నలిగిందే. దాన్ని గెలుపు గుర్రం అంటారు. పనిమంతుడా కాదా అన్నది తర్వాత, ముందు గెలుస్తాడా, ఖర్చు పెట్టుకోగలడా, కులం లెక్క కుదురుతుందా అని చూస్తారు. 2024 ఎన్నికలకు ముందు తెలుగుదేశం పార్టీ ఐవీఆర్‌ఎస్ ఫోన్లు చేయించి, మీ నియోజకవర్గంలో అభ్యర్థిగా ఎవరైతే బాగుంటుందని జనాన్నే అడిగింది. ఫలానా పేరుకు ఒకటి నొక్కండి, ఫలానా పేరుకు రెండు నొక్కండి అని వినబడేది. చూడ్డానికి ప్రైమరీ లాగే ఉంటుంది. కానీ ఆఖరి మాట పార్టీదే. ఎవరికి ఎన్ని వచ్చాయో ఫోన్లో మీట నొక్కినవాళ్లకు తెలియదు. 2014లో కాంగ్రెస్ పార్టీ పదహారు లోక్‌సభ స్థానాల్లో నిజంగానే ప్రైమరీ పెట్టాలని చూసింది. అందులోనూ ఓటేసింది పార్టీ ప్రతినిధులే, మామూలు ఓటర్లు కాదు. గుజరాత్‌లో వడోదర ప్రైమరీలో నరేంద్ర రావత్ గెలిచారు. అక్కడ నరేంద్ర మోదీ పోటీ చేస్తున్నారని తేలాక ఆయన పక్కకు తప్పుకున్నారు. మధుసూదన్ మిస్త్రీకి టికెట్ ఇచ్చారు. గెలుపు లెక్క ముందుకొచ్చేసరికి ప్రైమరీ లెక్క వెనక్కి పోయింది.

గెలుపు గుర్రం లెక్క పార్టీకి అవసరమే, కాదనలేం. ఓటరుకు అదే మొదటి లెక్క అయితేనే ఇబ్బంది. ఎందుకంటే గెలిచిన మనిషి ఆ తర్వాత ఆరేళ్లు చేయాల్సిన పని వేరే ఉంటుంది. ఆ పనేమిటో తెలియకుండా మనిషిని తూచడం కుదరదు.

పనిని బట్టి తూచడం గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో రోజూ జరిగేదే. రైతు తెచ్చిన కాయలను కుప్పపోసి, చేత్తో ఒక్కొక్కటి చూసి వేరుచేస్తారు. పచ్చగా, గట్టిగా ఉన్నవి ఒక పక్కకు. పసుపు తిరిగి పండినవి ఇంకో పక్కకు. పండిన కాయ చెడ్డదేమీ కాదు. రసం దాంట్లోనే ఎక్కువ. కానీ ఢిల్లీ లారీ ఎక్కిస్తే దారిలోనే మెత్తబడుతుంది. దూరం పోయే సరుకుకు గట్టి కాయే కావాలి. అందుకే అక్కడ కాయ మంచిదా అని ఎవరూ ఊరికే అడగరు. ఎక్కడికి పోయే కాయ అని అడుగుతారు. అభ్యర్థిని చూసేటప్పుడు కూడా ముందు అడగాల్సింది ఇదే. ఏ కుర్చీకి పోయే మనిషి?

మరి ఎమ్మెల్సీ కుర్చీలో పనేమిటి? ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో 58 మంది సభ్యులుంటారు. అందులో పట్టభద్రులు నేరుగా ఎన్నుకునేది ఐదుగురిని. ఉపాధ్యాయులు ఎన్నుకునేది మరో ఐదుగురిని. గూడూరు పట్టభద్రుల నియోజకవర్గం పేరు ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు. పాత జిల్లాల లెక్కన చూస్తే ఇందులో 36 అసెంబ్లీ స్థానాలున్నాయి. ఒక కొస కుప్పం, ఇంకో కొస ఒంగోలు దాటి. జిల్లాలు మారి, 2022లో గూడూరు తిరుపతి జిల్లాలో కలిసినా, ఈ ఓటుకు పాత సరిహద్దులే. ఇంత పెద్ద జాగాకు ఒక్కడే సభ్యుడు. ఊరి రోడ్డు వేయిస్తాను, కాలవ తీయిస్తాను అని ఈ సీటుకు పోటీచేసే మనిషి అంటే, ఎమ్మెల్యే అభ్యర్థి చేయాల్సిన వాగ్దానం ఎమ్మెల్సీ ప్రచారంలో చేస్తున్నాడని అర్థం.

ఈ సభ ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. డబ్బు బిల్లును పద్నాలుగు రోజులకు మించి పట్టుకోలేదు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఇంకో నెల ఆపగలదు. అంతే. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ కాస్త ఆపడమే ఎంత పెద్ద సంగతో 2020 జనవరిలో రాష్ట్రమంతా చూసింది. మూడు రాజధానుల బిల్లు అసెంబ్లీలో గెలిచి మండలికి వచ్చింది. జనవరి 22న అప్పటి మండలి చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. ఐదు రోజులకే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి పోవడం, రావడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 1958లో వచ్చింది. 1985లో ఎన్టీఆర్ హయాంలో పోయింది. 2007లో వైఎస్ హయాంలో మళ్లీ వచ్చింది.

అంటే ఆ కుర్చీలో పని ఇది. బిల్లు చదవాలి. దాంట్లో తప్పు పట్టుకోవాలి. ప్రశ్న వేయాలి. కమిటీలో కూర్చోవాలి. తన పార్టీయే అధికారంలో ఉన్నా ఒక్కోసారి నోరు విప్పాలి. డీఎస్సీ ఎందుకు ఆగింది, ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఏమైంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీకి చేరిందా లేదా అని మంత్రిని నిలబెట్టి అడగాలి. ఈ నియోజకవర్గం పట్టభద్రుల సీటులో 2023కు ముందు పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున యండపల్లి శ్రీనివాసులురెడ్డి ఉండేవారు. ఉపాధ్యాయుల సీటులో విఠపు బాలసుబ్రహ్మణ్యం ఉండేవారు. సభలో వాళ్ల బలం కొద్దిదే. అయినా జీవోలు చేతబట్టుకుని మాట్లాడే సభ్యులుగా వాళ్లకు పేరుంది.

కాబట్టి అభ్యర్థిని తూచడానికి మొదటి రాయి ఇది. ఈ మనిషి కాగితం చదువుతాడా? ఇంతకుముందు ఏ సంఘంలోనో, ఏ కాలేజీలోనో, ఏ కోర్టులోనో, ఏ పంచాయతీలోనో పదిమంది సమస్య తీసుకుని చివరిదాకా వెంటపడ్డాడా? ఇది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆయనతో పనిచేసినవాళ్లు గూడూరులోనో, వెంకటగిరిలోనో, సూళ్లూరుపేటలోనో ఎవరో ఒకరు ఉంటారు. పార్టీ మీటింగులో పక్కన నిలబడ్డవాళ్లను కాదు, పని కోసం ఆయన దగ్గరికి పోయినవాళ్లను అడగాలి. ఎత్తిన ఫోన్ ఎన్నిసార్లు, ఎత్తని ఫోన్ ఎన్నిసార్లు అన్నది వాళ్లే చెప్తారు.

రెండో రాయి అఫిడవిట్. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం దాన్ని వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఫోన్ ఉన్నవాళ్లెవరైనా తెరిచి చూడొచ్చు. కేసు ఉన్నంత మాత్రాన మనిషి చెడ్డవాడు కాదు. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసు వేరు, మోసం కేసు వేరు. సెక్షన్ పక్కన ఏం రాసుందో చదివితే తేడా తెలిసిపోతుంది.

పార్టీని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మిగిలింది. పార్టీని పక్కన పడేయమని కాదు. సభలో ఓటింగ్ వచ్చినప్పుడు సభ్యుడు ఎటు చెయ్యెత్తుతాడో చాలావరకు పార్టీయే చెబుతుంది. అయితే పార్టీ ఒక్కటే కొలత కాదని గూడూరు ఓటర్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ పాశిం సునీల్ కుమార్ 2014లో వైఎస్సార్సీపీ నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 2024లో తెలుగుదేశం నుంచి గెలిచారు. మనిషి అదే, గుర్తు వేరు.

ఇక ఓటు వేసే తీరు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

అమెరికా ప్రైమరీల్లో చాలాచోట్ల ఒక్క పేరుకే ఓటు. ఎవరికి ఎక్కువొస్తే వాళ్లదే గెలుపు. ఇందులో చిక్కేమిటో గజాలా హాష్మీ రెండో పోటీలో కనబడుతుంది. 2025 జూన్‌లో ఆమె వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమోక్రటిక్ ప్రైమరీలో దిగారు. ఆ రాష్ట్రంలో సెనేట్‌కు అధ్యక్షత వహించేది లెఫ్టినెంట్ గవర్నరే. సెనేట్‌లో ఓట్లు సరిసమానమైతే ముడి విప్పేదీ ఆ ఓటే. ఆ ప్రైమరీలో ఆరుగురు నిలబడ్డారు. రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవార్ స్టోనీ ఒకరు. ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, సెనేటర్ ఏరన్ రౌస్ ఒకరు. ఓట్లు ఆరు ముక్కలయ్యాయి. హాష్మీకి వచ్చింది 28 శాతం లోపే. మొదటి ముగ్గురికీ మధ్య తేడా రెండు శాతం కూడా లేదు. ఆమె గెలిచారు, నవంబరులో అసలు ఎన్నికలోనూ గెలిచారు. కానీ ప్రైమరీలో మిగిలిన 72 శాతానికి పైగా ఓటర్లలో ఆమెను రెండో పేరుగా ఇష్టపడ్డవాళ్లెందరో, అసలు వద్దనుకున్నవాళ్లెందరో ఆ బ్యాలెట్ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు ఉండదు కదా.

ఆ ప్రశ్నను మన ఎమ్మెల్సీ బ్యాలెట్ అడుగుతుంది. ఇక్కడ ఓటరు ఒకరిని ఎంచుకుని ఊరుకోడు. వరస పెడతాడు. బాగా నచ్చినవాళ్లకు ఒకటి. తర్వాత నచ్చినవాళ్లకు రెండు. ఆ తర్వాత మూడు. దీన్నే ప్రాధాన్య ఓటు అంటారు. చెల్లిన ఓట్లలో సగానికి పైగా వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఎవరికీ సగం రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను తప్పిస్తారు. వాళ్ల ఓట్లలో రెండో అంకె ఎవరికుంటే ఆ ఓటు వాళ్లకు పోతుంది.

ఒక లెక్క నెమ్మదిగా చూద్దాం. వంద ఓట్లు చెల్లాయనుకోండి. పోటీలో ముగ్గురు. ఒక లెక్చరర్, ఒక లాయర్, ఒక కాంట్రాక్టర్. లెక్చరర్‌కు 38 ఓట్లు. లాయర్‌కు 34. కాంట్రాక్టర్‌కు 28. మామూలు ఎన్నికైతే లెక్చరర్ గెలిచాడు, పటాకులు కాల్చేశారు. ఇక్కడ అలా కాదు. గెలవాలంటే 51 కావాలి. ఎవరికీ లేవు. కాబట్టి ఆఖర్న ఉన్న కాంట్రాక్టర్ తప్పుకుంటాడు. ఆయన 28 ఓట్లను ఒక్కొక్కటి విప్పి, రెండో అంకె ఎక్కడుందో చూస్తారు. 20 మంది లాయర్‌కు రెండు వేశారు. ఐదుగురు లెక్చరర్‌కు వేశారు. ముగ్గురు ఒకటితోనే ఆపేశారు. ఇప్పుడు లాయర్‌కు 34, 20 కలిపి 54. లెక్చరర్‌కు 38, 5 కలిపి 43. లాయర్ గెలిచాడు.

ఇప్పుడు అదే లెక్కలో ఒక్కటి మారుద్దాం. కాంట్రాక్టర్‌కు ఓటేసిన 28 మందిలో 15 మంది, మా వాడు తప్ప ఎవరైతే మాకేం అని రెండో అంకె వేయలేదు. ఎనిమిది మందే లాయర్‌కు వేశారు. ఐదుగురు లెక్చరర్‌కు వేశారు. లాయర్‌కు 42, లెక్చరర్‌కు 43. 51 ఇద్దరికీ రాలేదు కాబట్టి తక్కువున్న లాయర్ తప్పుకుంటాడు. ఒక్క ఓటు తేడాతో, ఆఖర్న మిగిలిన లెక్చరర్ గెలిచాడు. ఆ 15 మంది మామీద ఎవరొచ్చినా ఒకటే అనుకుని ఉండొచ్చు. కానీ ఎవరు రావాలో తేల్చే అవకాశం వాళ్ల చేతిలోకి వచ్చి, అంకె లేక జారిపోయింది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2023 మార్చి 13న రాష్ట్రంలో మూడు పట్టభద్రుల సీట్లకు పోలింగ్ జరిగింది. పశ్చిమ రాయలసీమ, అంటే కడప, అనంతపురం, కర్నూలు సీటులో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి ముందున్నారు. తర్వాత ఒక్కొక్కరినీ తప్పిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టుకుంటూ పోయారు. చివరికి తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి గెలిచారు. ఆ ఎన్నికల్లో రెండో ప్రాధాన్యం ఇచ్చిపుచ్చుకోవాలని తెలుగుదేశం, పీడీఎఫ్ ముందే అనుకున్నాయి. మన ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు సీటులో తెలుగుదేశం అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్, వైఎస్సార్సీపీ అభ్యర్థి పేర్నాటి శ్యామ్‌ప్రసాద్ రెడ్డిని ఓడించారు. పార్టీలకు రెండో అంకె విలువ బాగా తెలుసు. తెలియంది ఒక్కోసారి ఓటరుకే.

గెలుపు గుర్రం లెక్క ఇక్కడికొచ్చేసరికి అక్కర్లేకుండా పోతుంది. నాకు నచ్చిన మనిషి గెలవడు, ఓటు వృథా అవుతుంది అన్న భయం ఒక్క ఓటు ఎన్నికలో న్యాయమైనదే. ప్రాధాన్య ఓటులో ఆ భయం అక్కర్లేదు. పనికి తగిన మనిషికి, గెలిచినా గెలవకపోయినా, ధైర్యంగా ఒకటి వేయొచ్చు. ఆయన తప్పుకుంటే ఓటు చచ్చిపోదు. రెండో పేరుకు పోతుంది. కాబట్టి ఒకటి మనసుకు నచ్చినవాళ్లకు. రెండు, గెలిచే అవకాశమున్నవాళ్లలో ఫరవాలేదనిపించినవాళ్లకు. మరోసారి చెప్పుకుందాం. ఒకటి వేసేటప్పుడు గెలుస్తాడా అని చూడక్కర్లేదు. రెండు వేసేటప్పుడు చూడాలి. అమెరికాలోనూ మెయిన్ రాష్ట్రం 2018 నుంచి తన ప్రైమరీల్లో ఇట్లాగే వరస పెట్టే పద్ధతి తెచ్చుకుంది.

అసలు వద్దనుకున్న అభ్యర్థి సంగతేమిటి? ఆ పేరు ఎదురుగా ఏ అంకే వేయకపోతే సరి. అందరికీ అంకెలు వేయాలన్న నియమం లేదు. ఒకటి మాత్రం తప్పనిసరి.

డిగ్రీలు చదివినవాళ్ల ఎన్నికే అయినా, చెల్లని ఓట్లు వేలల్లో పడటం ఈ ఎన్నికలకు మామూలైంది. కారణాలు చిన్నవే. పోలింగ్ కేంద్రంలో ఊదా రంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. దానితోనే రాయాలి. జేబులోని సొంత పెన్నుతో రాస్తే ఆ ఓటు పోయినట్టే. అంకె వేయాలి. ఒకటి అని అక్షరాల్లో రాయకూడదు. టిక్కు పెట్టకూడదు, ఇంటూ కొట్టకూడదు. ఒకటి ఇద్దరికి వేయకూడదు. ఒకటి లేకుండా రెండు మాత్రమే వేసినా ఓటు చెల్లదు. సంతకం, పేరు, నినాదం ఏది రాసినా అంతే.

ఓటు హక్కు కూడా దానంతటది రాదు. ఎమ్మెల్యే ఓటర్ల జాబితాలో పేరున్నంత మాత్రాన ఇందులో ఉండదు. ఈ జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. 2023లో ఓటేసినవాళ్లు కూడా వచ్చేసారికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. సభ్యుడి పదవీకాలం ఆరేళ్లు కాబట్టి ఈ సీటుకు తర్వాతి ఎన్నిక 2029లో రావాలి. ఎన్నికకు ముందొచ్చే నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. దరఖాస్తు పేరు ఫారం 18. ఉపాధ్యాయులకైతే ఫారం 19. డిగ్రీ సర్టిఫికెట్ నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించి, ఇక్కడే నివాసమున్నట్టు ఆధారం జతచేసి, తహసీల్దారు కార్యాలయంలో గడువులోగా ఇవ్వాలి.